క్యాసెట్టులో లేని పది నిమిషాలు

న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు, పేరు వెయ్యొద్దంటూ, నాలుగు పేజీల ఉత్తరం రాశారు. క్లుప్తంగా సంగతి ఇది.

ఆవిడకు 38 ఏళ్ళు. ఐదో ఏట అమ్మానాన్నలతో అమెరికా వచ్చారు. చిన్నప్పుడు అక్టోబరు వచ్చిందంటే ఆవిడా, నాలుగేళ్ళు పెద్దవాడైన అన్నయ్యా కలిసి ‘హోకస్ పోకస్’ సినిమా చూడాల్సిందే. టీవీలో వస్తుంటే అన్నయ్య రికార్డు చేసిన క్యాసెట్టు అది. మొదలు కాస్త పోయింది. బడిలో టీచరు మంత్రగత్తెల కథ చెబుతుండే చోటి నుంచి బొమ్మ మొదలయ్యేది. మంత్రగత్తెలు పార్టీలో పాట పాడే ఘట్టం వస్తే వాళ్ళ నాన్నగారు కూడా పని ఆపి వచ్చి నిలబడి చూసేవారట. ఆయన ఈ మార్చిలో పోయారు.

ఇప్పుడు అన్నయ్య డాలస్ నుంచి 11, 9 ఏళ్ళ కొడుకులతో హాలోవీన్‌కి వస్తానంటున్నాడు. “అప్పట్లాగే లైట్లు తీసేసి అందరం చూద్దాం. నువ్వు ఆరేళ్ళకే చూశావు, ఏమైంది?” అని అతని మాట. ఈవిడ పాపకి ఏడేళ్ళు. రాత్రి లైటు లేనిదే పడుకోదు. పక్కింటి లాన్‌లో ప్లాస్టిక్ అస్థిపంజరం పెడితే రోడ్డు అవతలి వైపు నుంచి నడుస్తుంది. ఎందుకైనా మంచిదని ఈవిడ ముందుగా ఒక్కరే సినిమా పెట్టుకుని చూశారు. మొదట్లోనే ఒక చిన్నపిల్ల చనిపోవడం, ఆ వెంటనే ఉరి. తర్వాత బస్సు డ్రైవరు సీనులో భర్త గదిలోకి వచ్చి, “ఇదా పిల్లల సినిమా?” అన్నారు. ‘వర్జిన్’ అనే మాట ఎన్నిసార్లు వస్తుందో ఆయన లెక్కపెట్టడం మొదలుపెట్టారట. ఆర్నెల్లకని మెదక్ వైపు నుంచి వచ్చిన అత్తగారి అభ్యంతరం వేరు: “మా దిక్కు బాణామతి చేసిందని ఒకామె పళ్ళూడగొట్టిండ్రు. గట్లాంటిదాన్ని తమాషా చేసి పొల్లకు సూపిస్తవా?”

పాపకు చూపించాలా, వద్దా? అన్నయ్యకు ఏమని చెప్పాలి? “సినిమాయే ఇంత పాడుగా ఉండేదా, నేనే మారిపోయానా?” ఇవీ ఆవిడ ప్రశ్నలు.

సమాధానం:

ఆఖరి ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. మీ క్యాసెట్టు టీచరు కథ చెప్పే చోట మొదలయ్యేదని రాశారు. ఆ చోటుకు ముందు అమెరికాలోని సేలం అనే ఊళ్ళో 1693 నాటి కథ పది నిమిషాలు నడుస్తుంది. ఎమిలీ అనే పిల్లను శాండర్సన్ అనే మంత్రగత్తె అక్కచెల్లెళ్ళు ముగ్గురూ అడవిలోని తమ ఇంటికి రప్పించుకుని, కషాయం తాగించి, ఆమె ప్రాణాన్ని పీల్చుకుంటారు. అడ్డుపడ్డ అన్న థాకరీ బింక్స్‌ని చావులేని నల్లపిల్లిగా మార్చేస్తారు. ఊరివాళ్ళు వచ్చి ముగ్గురినీ ఉరి తీస్తారు. సినిమాలో అన్నిటికన్నా బరువైన భాగం ఇదే. ఇది మీ క్యాసెట్టులో లేదు. కాబట్టి “ఆరేళ్ళకే చూశాం, ఏమైంది?” అని అన్నయ్య అడిగితే చెప్పగలిగిన నిజమైన జవాబు: మనం ఇది చూడలేదు. ఈ వయసులో మొదటిసారి చూశారు గనక, అదీ ఏడేళ్ళ పిల్ల తల్లిగా చూశారు గనక, గుండె జల్లుమంది. మీరు మారారన్నది కొంత నిజమే. కానీ మీరిద్దరూ పెరిగింది వేరే సినిమాతో అన్నది అంతకన్నా పెద్ద నిజం.

మిగతా చిరాకు అచ్చంగా సినిమాదే. ఇది 1993 జులై 16న, నడివేసవిలో, థియేటర్లకు వచ్చింది. అప్పట్లో పెద్దగా ఆడలేదు, సమీక్షకులూ మెచ్చుకోలేదు. ఏటా అక్టోబరులో టీవీలో వేయగా వేయగా మీ తరం దాన్ని సొంతం చేసుకుంది. పెద్ద మంత్రగత్తె వేషంలో బెట్ మిడ్లర్ పార్టీలో పాడే ఆ ఘట్టం ఇప్పటికీ బ్రహ్మాండంగా ఉంటుంది, మీ నాన్నగారి రుచి మంచిదే. మధ్యలో పిల్లలు సొరంగాల్లో పరుగులు పెట్టేదంతా ఎప్పుడూ సాగతీతే.

ఇక పాప సంగతి. ఐదారేళ్ళ పిల్లలు రూపాన్ని చూసి భయపడతారు. వికారంగా కనిపించిందల్లా చెడ్డదే వాళ్ళకి. ఎనిమిది, తొమ్మిది దాటినవాళ్ళు ‘ఇది నాకూ జరగొచ్చా?’ అని భయపడతారు. ఏడు ఈ రెంటి మధ్య వయసు, అందుకే చిక్కు. అస్థిపంజరాన్ని చూసి రోడ్డు దాటే పిల్ల ఇంకా రూపం దగ్గరే ఉన్నట్టు. అలాంటి పిల్లకు గట్టి గండం బిల్లీ అనే శవం. సమాధిలోంచి లేచి వస్తాడు, పెదవులు దారంతో కుట్టేసి ఉంటాయి, తల ఊడి దొర్లుతుంది, కుట్లు కోసుకున్నాక నోట్లోంచి పురుగులు ఎగురుతాయి. కాకపోతే అతను చివరికి పిల్లల పక్షానికి వస్తాడు. ఈ ఒక్క సంగతి ముందే చెప్పేస్తే సగం భయం పోతుంది. ‘కథ చెప్పేస్తే మజా ఏముంది’ అని మీ అన్నయ్య పిల్లలు గోల చేస్తారు, చెయ్యనివ్వండి. ఏడేళ్ళ పిల్లకు ముందే తెలియడం మజాను చెడగొట్టదు, పట్టుకోవడానికి ఒక ఆధారం ఇస్తుంది. బిల్లీ వేషం వేసిన డగ్ జోన్స్ మామూలు ఫోటో ఒకటి ఫోన్లో చూపించండి. నవ్వుముఖం మనిషి.

పెద్దవాళ్ళు పట్టించుకోని ఘట్టం ఇంకొకటుంది. మంత్రగత్తెల్లో ఒకతె సారా ఆకాశంలో ఎగురుతూ జోలపాటలాంటి పాట పాడుతుంది. ఊళ్ళోని పిల్లలంతా రాత్రి బట్టలతోనే ఇళ్ళలోంచి నడిచి వెళ్ళిపోతారు. బొమ్మలో వికారమేమీ లేదు, పాట తీయగా ఉంటుంది, అందుకని పెద్దలు ఊరుకుంటారు. లైటు లేనిదే పడుకోని పిల్లకు మాత్రం ‘నా మంచం మీంచి నన్నే పిలిస్తే?’ అనే ఆలోచన పుట్టించే చోటు అదే. పైగా ఆ వేళకు అమ్మానాన్నలంతా పార్టీలో మంత్రానికి లోబడి ఆగకుండా డాన్సు చేస్తుంటారు, కాపాడేవాళ్ళు ఇంట్లో లేరు. అక్కడ రిమోటు నొక్కి సినిమా ఆపి, “మనింట్లో నాన్న ఇక్కడే ఉన్నారు, ఆయనకి డాన్సు రాదు కూడా” అని చెప్పడానికి సిద్ధంగా ఉండండి.

మీవారి అభ్యంతరాన్ని ఛాందసమని కొట్టిపారెయ్యకండి. నల్ల కొవ్వొత్తిని ‘వర్జిన్’ వెలిగిస్తేనే మంత్రగత్తెలు తిరిగొస్తారన్నది కథకు కీలకం, కత్తిరించడానికి వీల్లేదు. పైగా ఆ మాటతో, కొవ్వొత్తి వెలిగించిన అన్న మాక్స్‌ని అందరి ముందూ ఏడిపించేది ఎనిమిదేళ్ళ డానీ. మీ పాప సినిమాలో ఎవరిని అనుకరిస్తుందంటే డానీనే. మర్నాడు బడిలో అనకపోయినా నానమ్మ ముందు అంటుంది. పాప అడిగితే అబద్ధం అల్లకుండా, “అది పెద్దవాళ్ళ మాట, పెద్దయ్యాక చెబుతా. ఇక్కడ మాత్రం నువ్వింకా చిన్నవాడివి అని అన్నను వెక్కిరిస్తోంది” అంటే చాలు, ఏడేళ్ళకు అంతకుమించి ఆసక్తి ఉండదు. అసలు ప్రమాదం 11 ఏళ్ళ బావగారి కిసుక్కు నవ్వుతో. పెద్దపిల్లలు నవ్వితే ఆ మాటలో ఏదో ఉందని చిన్నపిల్లకు అర్థమైపోతుంది. ఆ అబ్బాయితో అన్నయ్య ముందే ఒక మాట చెప్పుకోవాలి.

బస్సు సీను తీసేస్తే కథకు నష్టం కొంచెమే. డ్రైవరు ద్వంద్వార్థాలన్నీ పాప తల మీంచి పోతాయి. కాకపోతే ఆ బస్సు కిందే బింక్స్ పిల్లి నలిగి, మళ్ళీ ఊపిరి నింపుకుని లేస్తుంది. దానికి చావు లేదని పాపకు కళ్ళారా తెలిసేది అక్కడే. దాటేస్తే నోటితో చెప్పాలి.

చావు లేని ఆ పిల్లి సినిమా చివర చనిపోతుంది. మంత్రం వీడి, నల్లపిల్లి శరీరం నేల మీద ఉండిపోతుంది, పక్కన థాకరీ మనిషి రూపంలో నిలబడతాడు, శ్మశానం గేటు దగ్గర ఎదురుచూస్తున్న చెల్లెలు ఎమిలీ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోతాడు. మార్చిలో తాతయ్యను పోగొట్టుకున్న పిల్లకు ఇది ఉత్త సినిమా ముగింపుగా ఉండదు. ‘తాతయ్య కూడా గేటు దగ్గర ఉంటాడా?’ అని అడగొచ్చు. ఈ ప్రశ్నకు మీ ఇంట్లో ఏం జవాబు చెబుతున్నారో మీరు రాయలేదు. మీరూ, మీవారూ, అత్తగారూ తలా ఒకటి చెబుతుంటే సినిమాకు ముందే ముగ్గురూ కూర్చుని ఒక మాట అనుకోండి. ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోండి: పాప ఏడిస్తే వెంటనే “అదంతా ఉత్తిదే, కంప్యూటరు పిల్లి” అనకండి. పిల్లి మాట్లాడే ముఖం కంప్యూటరుతో చేసిందే, ఆ వివరం తర్వాత చెప్పొచ్చు. ముందు ఏడవనివ్వాలి, ఎందుకంటే ఆ ఏడుపులో పిల్లి వాటా ఎంతో, తాతయ్య వాటా ఎంతో తనకే తెలియదు.

మీ ముందున్న దారుల సంగతి చూద్దాం. అన్నయ్య అన్నట్టు అక్టోబరు 31 రాత్రి అందరూ కలిసి మొత్తం చూడటం ఒకటి. అన్నిటిలో ఇదే అధ్వానం, సినిమా కన్నా వేళ మూలంగా. అప్పటికి పిల్లలు రెండు గంటలు ఇంటింటికీ తిరిగి, కాళ్ళు పీకి, చాక్లెట్లు మింగి ఉంటారు. 96 నిమిషాల సినిమా ఎనిమిదింటికి మొదలుపెడితే ముగిసేది పడుకునే వేళ దాటాకే. పిల్లి చావు చూసి నేరుగా చీకటి గదిలోకి వెళ్ళాలి. మగపిల్లలకు సరదా, మీ అన్నయ్యకు తృప్తి, మీకు వారం రోజుల జాగారం.

రెండోది, మీ క్యాసెట్టు లెక్కనే చూపించడం. మీరు చూసిన చోటనే, బడి సీనులో మొదలుపెట్టండి. ముందు జరిగింది మీ నోటితో రెండు వాక్యాల్లో: “వెనకటికి ఒక అన్నాచెల్లెలు ఉండేవారు. మంత్రగత్తెలు చెల్లెల్ని చంపేశారు, అన్నని పిల్లిని చేశారు.” ‘చంపేశారు’ అనే మాటను దాచొద్దు. దాస్తే చివర్లో ఆ పిల్ల ఎవరో పాపకు తెలియదు. విన్న మాటకూ చూసిన బొమ్మకూ పిల్లల మీద పడే బరువులో చాలా తేడా ఉంది. పగటి పూట, భోజనాలయ్యాక, కర్టెన్లు తీసి పెట్టి చూడండి. ధ్వని తగ్గించండి. పిల్లల్ని ఉలిక్కిపడేలా చేసేది చాలావరకు శబ్దమే, బొమ్మ తర్వాత. పాపను సోఫా చివర కాక మీ పక్కన కూర్చోబెట్టి, ఆపే రిమోటు ఆమె చేతికే ఇవ్వండి. బావలిద్దరూ విసుక్కుంటే సర్దిచెప్పేది వాళ్ళ నాన్న, మీరు కాదు.

దీన్ని రెండు విడతలు చెయ్యొచ్చు కూడా. సుమారు గంట గడిచాక పిల్లలు మంత్రగత్తెల్ని బడిలో మట్టిబొమ్మలు కాల్చే బట్టీలోకి రప్పించి తలుపు వేసేస్తారు. ముగ్గురూ కాలిపోతారు, పిల్లలు గంతులేస్తారు. అక్కడితో కథ కంచికి చేరినట్టే ఉంటుంది. కాసేపటికి వాళ్ళు పొగలోంచి మళ్ళీ వస్తారు. అది రాకముందే ఆపండి. ఎన్ని నిమిషాల దగ్గరో ముందే చూసి కాగితం మీద రాసిపెట్టుకోండి. ఆ రాత్రి పాప పడుకునేది చచ్చిపోయిన మంత్రగత్తెలతో. జోలపాటా, పిల్లి చావూ రెండూ రెండో సగంలోనివే. మర్నాడు “ఇంకా ఉందా?” అని తనే అడిగితే వెయ్యండి, అడక్కపోతే మీరు ఎత్తొద్దు. ఇందులో లోటు ఒకటే: సగం చూసిన కథను బావలు రాత్రికి రాత్రే చెప్పేసే ప్రమాదం. అందుకని ఆ అబ్బాయిలు మిగతా సగం తర్వాత మీ అన్నయ్యతో విడిగా చూసేలా మాట్లాడుకోండి.

మూడోది, ఈ ఏడు వద్దనుకోవడం. తొమ్మిదో పదో వచ్చేదాకా ఆగితే నష్టమేమీ లేదు, సినిమా ఎక్కడికీ పోదు. ఈసారికి ‘రూమ్ ఆన్ ద బ్రూమ్’ లాంటి పాతిక నిమిషాల బొమ్మల సినిమా వెయ్యండి. అందులో మంత్రగత్తె మంచిది, చీపురు మీద జంతువుల్నెక్కించుకుని తిరుగుతుంది. 11 ఏళ్ళవాడికి అది ఆనదు నిజమే. అలాగని వాళ్ళను పై గదిలో కూర్చోబెట్టి ‘హోకస్ పోకస్’ వేసి, పాపను కింద ఆడించడం మాత్రం చెయ్యకండి. మూసిన తలుపు వెనక నుంచి అరుపులూ పాటా వింటూ పిల్ల ఊహించుకునేది తెర మీది దానికన్నా ఘోరంగా ఉంటుంది. వాళ్ళు చూసే వేళకు పాప ఇంట్లో లేకుండా చూడాలి, లేదా హెడ్‌ఫోన్లు పెట్టించాలి.

మీవారు సూచించినట్టు ‘మనింట్లో ఎప్పటికీ వద్దు’ అనడం కూడా ఒక దారే. కానీ అమెరికాలో మీ పాప ఎదుగుతున్నది. రేపో మాపో ఏ స్నేహితురాలి ఇంట్లోనో స్లీపోవర్‌లో చూస్తుంది. అక్కడ ఆపే రిమోటు ఉండదు, పక్కన మీరుండరు.

అత్తగారి మాట చివరికి మిగిల్చాను. మీ ఉత్తరంలో అందరికన్నా లోతైన మాట ఆవిడదే, మీరేమో దాన్ని ‘పాతకాలం భయం’ అని రాశారు. ‘పిల్ల జడుసుకుంటుంది’ అని ఆవిడ అనలేదు. బాణామతి, చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టడం, పళ్ళు రాలగొట్టడం, చంపడం తెలంగాణ పల్లెల్లో నిజంగా జరిగిన సంగతులు. ‘మంత్రగత్తె’ అంటే ఆవిడకు చీపురెక్కిన బొమ్మ గుర్తుకు రాదు, ఊరంతా కలిసి కొట్టిన ఒక ఆడమనిషి గుర్తొస్తుంది.

సేలంలోనూ జరిగింది సరిగ్గా అదే. 1692లో అక్కడ మంత్రవిద్య నేరం మోపి 19 మందిని ఉరి తీశారు, 14 మంది ఆడవాళ్ళు, ఐదుగురు మగవాళ్ళు. గైల్స్ కోరీ అనే ముసలాయన విచారణకు లొంగనన్నాడు. మీద బండరాళ్ళు పేర్చి నలిపి చంపారు. జైల్లో పోయినవాళ్ళు ఇంకొందరు. ఆఖరి ఉరి 1692 సెప్టెంబరు 22న. అంటే సినిమాలో ముగ్గురక్కచెల్లెళ్ళను ఉరితీసే 1693 అక్టోబరు నాటికి సేలంలో ఈ పిచ్చి చల్లారిపోయింది. సినిమా కథ తిరగేసి చెబుతుంది: అక్కడ మంత్రగత్తెలు నిజంగా పిల్లల్ని చంపుతారు, ఊరివాళ్ళు చేసింది న్యాయం. నిజం సేలంలో ఉరికంబం ఎక్కినవాళ్ళెవరూ మంత్రగత్తెలు కారు.

ఏడేళ్ళ పిల్లకు ఇదంతా అక్కర్లేదు. “నిజంగా మంత్రగత్తెలు ఎవరూ లేరు, ఆ పేరు పెట్టి మంచివాళ్ళను ఏడిపించేవారు” అన్న ఒక్క మాట చాలు. 11 ఏళ్ళ అబ్బాయికి మాత్రం పూర్తి కథ చెప్పండి. ఆ నేరం పడ్డవాళ్ళలో ఎలిజబెత్ జాన్సన్ అనే ఆవిడ పేరు మీద మచ్చ 2022 దాకా అలాగే ఉంది. నార్త్ ఆండోవర్ ఎనిమిదో తరగతి పిల్లలు పట్టుబట్టి మసాచుసెట్స్ చట్టసభ చేత తుడిపించారు. వాడికన్నా రెండు మూడేళ్ళు పెద్ద పిల్లలు చేసిన పని అది. అత్తగారు ఒప్పుకుంటే తన ఊరి సంగతి ఆ పెద్దబ్బాయికి చెప్పమనండి. చెప్పాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం, బతిమాలొద్దు. సినిమా చూసే గదిలో కూర్చోనంటే బలవంతంగా కూర్చోబెట్టక్కర్లేదు. ఒకవేళ కూర్చుంటే, మంత్రగత్తె దగ్గరకు రాకుండా పిల్లలు చుట్టూ ఉప్పు పోసుకునే చోట ఆవిడకు నవ్వు రావచ్చు. రాళ్ళుప్పుతో దిష్టి తీసే మనిషికి అది విడమర్చి చెప్పక్కర్లేదు.

అన్నయ్యకు ఇప్పుడే, టికెట్లు కొనకముందే, ఫోన్ చెయ్యండి. సినిమా గురించి కాక క్యాసెట్టు గురించి మొదలుపెట్టండి. మొదటి పది నిమిషాలు ఎప్పుడైనా చూశాడేమో అడగండి. చూడకపోతే తనూ ఒకసారి చూసి మాట్లాడమనండి, ఇద్దరు మగపిల్లల తండ్రికి వేరే వాదన అక్కర్లేకపోవచ్చు. ఆరేళ్ళ మీ పక్కన పదేళ్ళ తను కూర్చునేవాడు. అది కావాలని అతను అడుగుతున్నాడు, నాన్న పోయిన మొదటి అక్టోబరులో అడుగుతున్నాడు. దానికి మీ పాప సోఫాలో ఉండాల్సిన పని లేదు. పిల్లలంతా పడుకున్నాక మీరిద్దరే కూర్చుని చూడొచ్చు. పాట వచ్చే చోట ఎవరో ఒకరు ఏడుస్తారు. ఆ సమయానికి పాప గదిలో లేకపోతేనే ఇద్దరికీ వీలు.